నొప్పి మాత్రలకు మిల్లీగ్రాముల లెక్క ఎలా వేసుకోవాలి

పన్ను నొప్పి ఎందుకో రాత్రి పదకొండు దాటాకే ముదురుతుంది. కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక రాత్రి చెంప పట్టుకుని కూర్చుని, మందుల డబ్బాను బల్ల మీద బోర్లించాను. పొద్దున్నుంచి నేను వేసుకుంటున్నవి మూడు రకాలు. ఒకటి జ్వరం మాత్ర, ఒకటి ఒళ్లు నొప్పుల మాత్ర, మూడోది అంతకుముందే జలుబుకు మొదలుపెట్టినది. నిద్ర ఎలాగూ పట్టడం లేదు కదా అని షీట్లు తిరగేసి వెనక ఉన్న చిన్నక్షరాలు చదివాను. మూడింట్లోనూ పారాసిటమాల్ ఉంది. జ్వరం మాత్రలో 650 మిల్లీగ్రాములు, ఒళ్లు నొప్పుల దాంట్లో 325, జలుబు దాంట్లో 500. ఒక్కొక్కటీ మూడేసి వేసుకున్నాను. కాగితం మీద కూడితే 1950, 975, 1500. మొత్తం 4425. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఉన్న పైహద్దు 4000. "ఏ మాత్రా మూడుకు మించి వేసుకోలేదు కదా" అన్న ధీమాతోనే దాన్ని దాటేశాను.

వెంటనే డాక్టరుకు ఫోన్ చేశాను. ఇక పారాసిటమాల్ ముట్టుకోవద్దన్నారు, పొద్దున్నే వచ్చి రక్త పరీక్ష చేయించుకోమన్నారు. ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి మాత్రలు లెక్కపెట్టడం మానేసి మిల్లీగ్రాములు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ లెక్క ఎలా వేసుకోవాలో మీకూ చెబుతాను.

ముందుగా ఒక మాట. ఇక్కడి అంకెలన్నీ 18 ఏళ్లు నిండిన, పెద్ద జబ్బులేవీ లేనివాళ్లు డాక్టర్ చీటీ లేకుండా కొనుక్కునే మాత్రలకు సంబంధించినవి. పిల్లల డోసు వాళ్ల బరువును బట్టి వేరుగా లెక్కకడతారు. పెద్దల మాత్రను సగానికి విరిచి ఇవ్వడం అందుకు బదులు కాదు. మీ మందు పెట్టె మీద ఇంతకంటే తక్కువ అంకె రాసి ఉంటే ఆ తక్కువ అంకెనే పాటించండి. మీ డాక్టర్ మీకు విడిగా ఏమైనా చెప్పి ఉంటే ఆ మాటే మీకు లెక్క.

మొదటి పని: షీటు తిరగేసి చదవండి

ముందువైపు పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. మనకు కావలసింది వెనక ఉంటుంది: మందు అసలు పేరు, దాని పక్కనే మి.గ్రా. అంకె. అసలు పేర్లు రెండో మూడో ఉంటే అది కలిపి చేసిన మాత్ర. జలుబు, ఒళ్లు నొప్పులు, నెలసరి నొప్పి, తలనొప్పి అని పేర్లు పెట్టి అమ్మే చాలా మాత్రలు ఇలాంటివే. వాటిలో పారాసిటమాల్ దాదాపు ఇంటి పెద్దలా ఎక్కడ చూసినా కనిపిస్తుంది. కరిగించుకుని తాగే పొడుల్లోనూ, దగ్గు జలుబు సిరప్‌లలోనూ ఉండొచ్చు.

పేర్ల దగ్గర ఒక తికమక ఉంది. పారాసిటమాల్, ఎసిటమినోఫెన్ రెండూ ఒకటే మందు. అమెరికాలో రెండో పేరుతో పిలుస్తారు, చాలా దేశాల్లో మొదటి పేరు. అక్కడి నుంచి ఎవరో తెచ్చిచ్చిన సీసా ఒకటి, మీ దగ్గరున్న షీటు ఒకటి పక్కపక్కన పెట్టుకుని "ఇవి వేరు వేరు" అనుకుంటే అదే మందు రెండింతలు పడుతుంది.

పారాసిటమాల్ కాకుండా మిగిలిన మామూలు నొప్పి మాత్రలు దాదాపు అన్నీ ఇంకో కుటుంబం: ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్. వీటిలో కొన్ని చాలా దేశాల్లో చీటీ మీదే ఇవ్వాల్సినవి. కాబట్టి ఇంట్లో ఎవరికో రాసిచ్చిన డైక్లోఫెనాక్ మిగిలింది కదా అని మీరు వేసుకోకండి. ఈ కుటుంబం మొత్తానికి ఒకే నియమం: ఒక రోజులో ఇందులోంచి ఒకే ఒక్క మందు. రెండు రకాలు కలిపితే నొప్పి రెండింతలు తగ్గదు. కడుపుకు, కిడ్నీలకు చేటు మాత్రం పెరుగుతుంది.

షీటు కత్తిరించేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. పేరు, అంకె, గడువు తేదీ ఉన్న అంచు నుంచి మాత్రలు తీస్తూ పోతే చివరికి పేరూ ఊరూ లేని రెండు తెల్ల మాత్రలు మిగులుతాయి. అవతలి వైపు నుంచి తీయండి. పేరు తెలియని మాత్ర ఎంత కొత్తగా కనిపించినా వేసుకోకండి.

ఏ నొప్పికి ఏది

జ్వరానికి, మామూలు తలనొప్పికి, జలుబుతో వచ్చే ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్‌తో మొదలుపెట్టండి. బెణుకు, వాపు, పన్ను నొప్పి, నెలసరి నొప్పి లాంటి వాటికి, మీకు సరిపడితే, ఐబుప్రోఫెన్ లాంటివి ఎక్కువ పనిచేస్తాయి. నడుము నొప్పికి పారాసిటమాల్ ఒక్కటే పెద్దగా పనిచేయదు. అక్కడ "తగ్గలేదు, ఇంకోటి వేద్దాం" అని డోసు పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు.

ఈ తేడా ఎందుకో తెలుసుకుంటే తర్వాత చెప్పబోయే జాగ్రత్తలు గుర్తుపెట్టుకోవడం తేలిక. దెబ్బ తగిలిన చోట ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారై వాపునూ నొప్పినీ పెంచుతాయి. ఆస్పిరిన్ లాంటి మందులు వాటి తయారీనే ఆపుతాయని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో చూపించారు. 1982లో నోబెల్ బహుమతి అందుకున్నవాళ్లలో ఆయన ఒకరు. చిక్కేమిటంటే, కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ కూడా ఈ ప్రోస్టాగ్లాండిన్లే. మోకాలి కోసం వేసుకున్న మాత్రకు మోకాలు, కడుపు అన్న తేడా తెలియదు. పారాసిటమాల్ మామూలు డోసులో కడుపు జోలికి పెద్దగా పోదు. దాని గొడవంతా లివర్‌తోనే.

జ్వరం ఎందుకొచ్చిందో తెలియనప్పుడు, ముఖ్యంగా డెంగీ అయ్యుండొచ్చన్న అనుమానం ఉన్నప్పుడు, పారాసిటమాల్ తప్ప వేరేది వద్దు. డెంగీలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి వాటికి తోడైతే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

ఇక అసలు లెక్క

పారాసిటమాల్: ఒక విడతకు 500 నుంచి 1000 మి.గ్రా. విడతకూ విడతకూ మధ్య కనీసం 4 గంటలు, వీలైతే 6. ఏ 24 గంటల్లోనూ 4000 దాటకూడదు. కొన్ని దేశాల్లో పెట్టెల మీద 3000 దగ్గరే ఆపమని రాస్తారు. నన్నడిగితే, డాక్టర్ చూడకుండా మనంతట మనం వేసుకునేటప్పుడు ఆ 3000ను హద్దుగా పెట్టుకోవడమే మంచిది. లెక్కలో ఒక మాత్ర తప్పినా కంగారు ఉండదు.

650 మాత్రలైతే విడతకు ఒకటే. రెండు వేస్తే 1300 అవుతుంది, అది ఒక విడత హద్దును దాటుతుంది. నెమ్మదిగా కరిగే 650 మాత్రల సంగతి వేరు. వాటిని రెండు చొప్పున 8 గంటలకోసారి వేసుకోమని పెట్టె మీదే రాసి ఉండొచ్చు. పేరు చివర ఎస్సార్, ఈఆర్, ఎక్సార్ లాంటి అక్షరాలుంటే నెమ్మదిగా కరిగే రకమని గుర్తు. వాటిని విరగ్గొట్టకూడదు, నూరకూడదు, నమలకూడదు. అలా చేస్తే గంటల తరబడి విడుదల కావాల్సినదంతా ఒక్కసారే బయటికొస్తుంది.

మీ బరువు 50 కిలోలకు తక్కువైతే 4000 మీ అంకె కాదు. విడతకు కిలోకు 15 మి.గ్రా., రోజుకు కిలోకు 60 మి.గ్రా. చొప్పున వేసుకోండి. అంటే 40 కిలోల మనిషికి విడతకు 600, రోజుకు 2400. సన్నగా ఉండే పెద్దవయసు వాళ్ల విషయంలో ఇది చాలాసార్లు మరిచిపోతాం. రోజూ మద్యం తాగేవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు, చాలా రోజులుగా సరిగా తినక నీరసించినవాళ్లు డాక్టర్‌ని అడిగి వేసుకోవాలి. ఇలాంటివాళ్లకు చాలామంది డాక్టర్లు రోజుకు 2000 దగ్గరే ఆపమంటారు.

తిండికీ దీనికీ ఏమిటి సంబంధం అంటే, పారాసిటమాల్‌లో ఎక్కువ భాగం లివర్‌లో హాని లేకుండా మారి మూత్రంలో పోతుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. లివర్ దగ్గర గ్లూటాథయోన్ అనే సరుకు నిల్వ ఉంటుంది, అది ఆ విషాన్ని ఎప్పటికప్పుడు పట్టుకుని విరిచేస్తుంది. మామూలు డోసుకు నిల్వ చాలుతుంది. డోసు మితిమీరితే నిల్వ అడుగంటి విషం లివర్ కణాల మీద పడుతుంది. ఉపవాసాల్లో, వాంతులతో రోజుల తరబడి తిననప్పుడు ఆ నిల్వ ముందే తగ్గిపోయి ఉంటుంది. అందుకే ఒకరికి ఏమీ చేయని డోసు ఇంకొకరికి ప్రమాదం కావచ్చు.

ఐబుప్రోఫెన్: విడతకు 200 నుంచి 400 మి.గ్రా., 6 నుంచి 8 గంటలకోసారి. డాక్టర్ చెప్పకుండా రోజుకు 1200 దాటకూడదు. మామూలు నొప్పికి ఒక విడతలో 400 దాటితే నొప్పి తగ్గడంలో పెద్ద తేడా ఉండదు, దుష్ఫలితాలు మాత్రం పెరుగుతాయి. ఈ మందు కనిపెట్టిన స్టూవర్ట్ ఆడమ్స్ ఒకసారి ప్రసంగం ముందు, ముందు రాత్రి స్నేహితులతో తాగినందుకు వచ్చిన తలనొప్పికి, ఎందుకైనా మంచిదని 600 మి.గ్రా. వేసుకున్నారట. తగ్గిందని ఆయనే చెప్పుకున్నారు. ఆ "ఎందుకైనా మంచిది" మనందరికీ అలవాటే. కనిపెట్టిన మనిషికి తెలిసినంత మనకు తెలియదు కాబట్టి 400 దగ్గర ఆగుదాం.

నాప్రోక్సెన్: చీటీ లేకుండా అమ్మే దేశాల్లో ఎక్కువగా 220 మి.గ్రా. మాత్రగా దొరుకుతుంది. 8 నుంచి 12 గంటలకు ఒకటి. నొప్పి ఎక్కువగా ఉంటే మొదటిసారి మాత్రం రెండు వేసుకోవచ్చు, 24 గంటల్లో మొత్తం మూడుకు మించకూడదు, అంటే 660. ఇది ఒంట్లో చాలాసేపు ఉంటుంది. పొద్దున నాప్రోక్సెన్ వేసుకుని, తగ్గలేదని మధ్యాహ్నం ఐబుప్రోఫెన్ అందుకుంటే రెండూ ఒంట్లో కలుస్తాయి.

ఆస్పిరిన్: నొప్పికి విడతకు 300 నుంచి 650, 4 నుంచి 6 గంటల తేడాతో, రోజుకు 4000 లోపు అని పుస్తకాల్లో ఉంటుంది. ఈ రోజుల్లో నొప్పికి దీన్ని ఎంచుకోవాల్సిన అవసరం నాకైతే కనిపించదు. కడుపుకు బాగా ఇబ్బంది. 16 ఏళ్లలోపు వాళ్లకు డాక్టర్ చెబితే తప్ప ఇవ్వనే కూడదు, అరుదే కానీ ప్రాణాంతకమైన రైస్ సిండ్రోమ్ (లివర్, మెదడు దెబ్బతినే జబ్బు) వచ్చే ముప్పు ఉంది. గుండె కోసం రోజూ వేసుకునే 75, 81 మి.గ్రా. చిన్న ఆస్పిరిన్ వేరే సంగతి. నొప్పి మాత్ర వేసుకుంటున్నామని దాన్ని సొంతంగా ఆపకండి. కానీ ఐబుప్రోఫెన్ దాని పనికి అడ్డుపడగలదు. కాబట్టి చిన్న ఆస్పిరిన్ వాడేవాళ్లు నొప్పికి ముందు పారాసిటమాల్ చూడండి, ఐబుప్రోఫెన్ తప్పదనుకుంటే ఎంత ఎడం ఉండాలో డాక్టర్‌ని అడగండి.

రెండు కుటుంబాలను కలపొచ్చా అంటే, కలపొచ్చు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పనిచేసే దారులు వేరు కాబట్టి ఒకే సమయంలో గానీ, మార్చి మార్చి గానీ వేసుకోవచ్చు. పన్ను పీకించుకున్నాక వచ్చే నొప్పికి ఈ జోడీ బాగా పనిచేస్తుంది. దేని హద్దు దానికి విడిగా లెక్కపెట్టాలి, అంతే. రెండూ కలిపి చేసిన మాత్ర అయితే తక్కువ హద్దు ఉన్నదాన్ని చూడండి. ఉదాహరణకు ఐబుప్రోఫెన్ 400, పారాసిటమాల్ 325 ఉన్న మాత్రలు మూడు వేసుకుంటే పారాసిటమాల్ 975 మాత్రమే, ఇంకా బోలెడు ఖాళీ ఉంది. కానీ ఐబుప్రోఫెన్ 1200కు చేరిపోయింది. ఆ రోజుకు ఆ మాత్ర అయిపోయినట్టే.

కాగితం మీద రాయండి

నొప్పి, నిద్రమత్తు కలిస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు. "మధ్యాహ్నం వేసుకున్నానా, నిన్ననా?" అన్న అనుమానం వచ్చిందంటే లెక్క తప్పినట్టే. మందుల డబ్బాలో ఒక చిన్న కాగితం, ఒక పెన్సిల్ ముక్క ఉంచండి. మాత్ర నోట్లో వేసుకోక ముందే రాయండి. నా కాగితం ఇలా ఉంటుంది:

సోమ, ఉదయం 7:00, పారా 650, మొత్తం 650
సోమ, మధ్యాహ్నం 1:15, పారా 650, మొత్తం 1300
సోమ, రాత్రి 8:00, పారా 650, మొత్తం 1950
మంగళ, తెల్లవారుజామున 3:00, పారా 650, మొత్తం 2600

నాలుగో వరుస చూడండి. తేదీ మారింది, కానీ మొత్తం మళ్లీ సున్నా నుంచి మొదలవ్వలేదు. 24 గంటలు అంటే క్యాలెండర్‌లో రోజు కాదు, ఇప్పుడు గడియారం చూసి వెనక్కి లెక్కపెట్టిన 24 గంటలు. సోమవారం ఉదయం 7:00 నాటి 650, మంగళవారం ఉదయం 7:00 దాటాకే లెక్కలోంచి పోతుంది. అర్ధరాత్రి దాటింది కదా, కొత్త ఖాతా తెరుద్దాం అనుకునేవాళ్లు ఒక్క రాత్రిలోనే హద్దు దాటేస్తారు.

ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకే మనిషికి మందులిస్తుంటే ఈ కాగితం మరీ అవసరం. కూతురు ఒకసారి, కొడుకు ఒకసారి ఇచ్చి, ఎవరికి వాళ్లు "నేను ఒక్కటే ఇచ్చాను" అనుకుంటారు.

మింగే పద్ధతి

కూర్చునో నిలబడో, గ్లాసుడు నీళ్లతో మింగండి. పడుకుని రెండు గుక్కలతో మింగితే మాత్ర ఆహార నాళంలో అతుక్కుని పుండు చేయగలదు. పారాసిటమాల్ పరగడుపున వేసుకున్నా ఫరవాలేదు. ఐబుప్రోఫెన్ లాంటివి ఏదైనా తిన్నాక వేసుకుంటే కడుపులో వికారం, మంట తగ్గొచ్చు. కానీ తిన్నాక వేసుకున్నాం కాబట్టి అల్సర్ రాదన్న భరోసా లేదు. మందు రక్తంలో కలిశాక కూడా కడుపు పొర మీద ప్రభావం చూపిస్తుంది.

మింగిన పది నిమిషాలకే "ఇది పనిచేయడం లేదు" అని రెండోది తీయకండి. పారాసిటమాల్ పని మొదలుపెట్టడానికి అరగంట నుంచి గంట పడుతుంది. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్రలు కాస్త త్వరగా పనిచేస్తాయి గానీ, ఒక్కో దాంట్లో 400 మి.గ్రా. దాకా సోడియం ఉండొచ్చు. రోజుకు ఎనిమిది తాగితే 3000 దాటుతుంది. పెద్దవాళ్లకు సోడియం రోజుకు 2000 లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో ఉప్పు తగ్గించుకుని తింటున్న బీపీ మనిషికి మందు గ్లాసులోంచి ఉప్పు పోసినట్టే.

మీరు ఆగి అడగాల్సినవాళ్లా

మా నాన్నకు మోకాళ్ల నొప్పులు. బీపీకి రెండు మాత్రలు వాడేవారు, అందులో ఒకటి మూత్రం ఎక్కువగా పోయించే నీటి మాత్ర. ఎవరో చెప్పారని మోకాళ్లకు ఐబుప్రోఫెన్ మొదలుపెట్టారు, మాకు చెప్పలేదు. రెండో వారానికి ఆయన చెప్పులు బిగుతయ్యాయి. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి, వేలు తీసినా అలాగే ఉండిపోయేది. పరీక్ష చేయిస్తే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది, బీపీ కూడా. మాత్ర ఆపాక కొన్ని వారాలకు సర్దుకుంది. ఆయన వేసుకున్నది పెట్టె మీద రాసిన డోసే. ఆ డోసు ఆయనకు సరిపడేది కాదు. కొన్ని రకాల బీపీ మందులు, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిసి కిడ్నీలను నొక్కేస్తాయని డాక్టర్ల మధ్య ఎప్పటి నుంచో తెలిసిన విషయమే. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఇంకా త్వరగా.

కాబట్టి కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, బీపీ, కడుపులో అల్సర్ గతంలో వచ్చినవాళ్లు, ఆస్పిరిన్ పడక ఆయాసం వచ్చినవాళ్లు, 65 దాటినవాళ్లు ఐబుప్రోఫెన్ కుటుంబాన్ని సొంతంగా మొదలుపెట్టకండి. రక్తం పలచబరిచే మందులు, స్టెరాయిడ్లు, లిథియం, మెథోట్రెక్సేట్, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు వేసుకుంటున్నా అంతే. రక్తం పలచబరిచే మందుల్లో ఒకటైన వార్ఫరిన్ వాడేవాళ్లు పారాసిటమాల్‌ను కూడా వరుసగా కొన్ని రోజులు వేసుకోవాల్సి వస్తే డాక్టరుకు చెప్పాలి.

గర్భిణులు 20వ వారం దాటాక ఐబుప్రోఫెన్ లాంటివి డాక్టర్ చెబితే తప్ప వేసుకోకూడదు. బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గే ముప్పు ఉంది. చివరి మూడు నెలల్లో బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోయే భయం కూడా ఉంది. అవసరమైతే పారాసిటమాల్, అదీ పనిచేసే అతి తక్కువ డోసు, అతి తక్కువ రోజులు, డాక్టర్‌కు చెప్పి.

ఎప్పుడు ఆపాలి

జ్వరం మూడు రోజులకు తగ్గకపోతే మాత్ర మార్చడం కాదు, డాక్టర్‌ని చూడటం. నొప్పికి పది రోజుల దాకా అని కొన్ని పెట్టెల మీద ఉంటుంది. అన్నాళ్లు ఆగక్కర్లేదు, నాలుగైదు రోజులకే నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోవడం మేలు.

తలనొప్పి వాళ్లకు ఒక విచిత్రమైన ఉచ్చు ఉంది. నెలలో 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు వేసుకుంటూ మూడు నెలలు దాటితే, ఆ మాత్రల వల్లే తలనొప్పి రావడం మొదలవుతుంది. కలిపి చేసిన మాత్రలకైతే నెలకు 10 రోజులే చాలు. మాత్ర వేస్తే తగ్గుతుంది, దిగిపోగానే మళ్లీ వస్తుంది, మళ్లీ మాత్ర. మీ కాగితాలు పారేయకుండా దాచి, నెలాఖరున ఎన్ని రోజులు వేసుకున్నారో లెక్కపెడితే ఇది బయటపడుతుంది.

ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చిన తలనొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, కడుపు గట్టిపడి ముట్టుకోనివ్వని నొప్పి: వీటికి మాత్ర వేసుకుని చూద్దాం అనొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మాత్రలు వేసుకుంటుండగా విరేచనం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా, ముఖం వాచి ఊపిరి ఆడకపోయినా, మూత్రం బాగా తగ్గినా, కళ్లు పచ్చబడినా అంతే.

హద్దు దాటిందని తెలిస్తే

పారాసిటమాల్ ఎక్కువైనప్పుడు మోసం చేసేది మొదటి రోజు. కాస్త వికారం తప్ప ఏమీ అనిపించకపోవచ్చు, మనిషి మామూలుగా తిరుగుతుంటాడు. లివర్ దెబ్బతినడం లోపల మొదలై, మూడు నాలుగు రోజులకు తీవ్రంగా బయటపడుతుంది. అందుకే "బాగానే ఉన్నాను కదా" అన్నది లెక్కలోకి రాదు. దీనికి విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు. అడుగంటిన గ్లూటాథయోన్ నిల్వను తిరిగి నింపుతుంది. మాత్రలు మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే చాలా బాగా పనిచేస్తుంది, ఆలస్యమైనా ఇస్తారు. వేలు పెట్టి వాంతి చేయించే ప్రయత్నాలతో సమయం పోగొట్టుకోకండి. మిగిలిన షీట్లన్నీ, మీ కాగితంతో సహా, చేత్తో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. వాళ్లు అడిగే మొదటి రెండు ప్రశ్నలు ఎంత, ఎప్పుడు అనే.

పొరపాటున కాకుండా మనసు విరిగి మింగినా దారి ఇదే. దాచకుండా నిజం చెప్పండి, వైద్యం అదే వేగంతో జరగాలంటే వాళ్లకు ఆ నిజం కావాలి. ఇంట్లో ఎవరైనా అలాంటి దిగులులో ఉన్నారనిపిస్తే మందుల డబ్బా వాళ్లకు అందకుండా పెట్టి, పక్కన కూర్చుని మాట్లాడండి. బ్రిటన్‌లో 1998లో పారాసిటమాల్‌ను మామూలు దుకాణాల్లో పెట్టెకు 16, మందుల షాపుల్లో 32 మాత్రలకు మించి అమ్మకూడదని నిబంధన పెట్టారు. తర్వాత ఆ మందు వల్ల చనిపోయేవాళ్లు తగ్గారు. ఇంట్లోనూ వారానికి సరిపడా ఉంటే చాలు, వందలు నిల్వ చేసుకోనక్కర్లేదు.

డబ్బా సర్దేటప్పుడు గడువు దాటినవి, పేరు చిరిగిపోయినవి తీసేయండి. ఆస్పిరిన్ సీసా మూత తీసి ఒకసారి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే తేమకు మందు విరిగిపోయినట్టు, గడువు తేదీ ఇంకా మిగిలి ఉన్నా పారేయాల్సిందే.